నలుపులో నుండి వెలుగును తీసే బొమ్మలు

చిన్నపిల్లల చేతికి ఒక బొగ్గుముక్క ఇచ్చి బొమ్మ గీయమంటే వారు చేసే మొదటి పని, తెల్లగా ఉన్న చోట నల్లని గీత పెట్టడం. పెద్దలమైనా మనం చేసేదీ అదే. ముందు ముక్కు, తరువాత కన్ను. ముందు ఇల్లు, తరువాత దాని పక్కన చెట్టు. ఒక్కొక్క గీతే చేర్చుకుంటూ పోతాం. బొమ్మ గీయడమంటే చేర్చడమే అని మన అందరి అభిప్రాయం.

అయితే దీనికి పూర్తిగా ఎదురుగా నడిచే పద్ధతి ఒకటి ఉన్నది. ఈ పద్ధతిలో ముందుగా కాగితమంతా బొగ్గుతో నల్లగా పూసేస్తారు. ఆ తరువాత చేతిలోకి రబ్బరు తీసుకొని, వెలుగు పడే చోట్ల మాత్రమే ఆ నలుపును కొంచెం కొంచెంగా తొలగిస్తారు. గీయడానికి పెన్సిలు ఉండదు. తుడిచే రబ్బరే ఇక్కడ కలం. చీకటిగదిలో ఎవరో దీపం పట్టుకొని నడుస్తుంటే వస్తువులు ఒకదాని వెంట ఒకటి కనబడినట్లు, ఆ నలుపులో నుండి ముఖమో, కుండో, కిటికీయో మెల్లగా బయటికి వస్తుంది. చిత్రకారులు దీనిని రిడక్షన్ పద్ధతి అంటారు. మనం తేలికగా ‘తీసివేత పద్ధతి’ అందాం.

ఖర్చు తక్కువ, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చొని చేయదగిన పని గనుక దీనిని పరిచయం చేస్తున్నాము. అంతేకాదు, ఒక దేశం తన గాయాలను ఏమి చేసుకోవాలో తెలియక తల్లడిల్లిన రోజుల్లో ఒక చిత్రకారుడు ఈ బొగ్గునూ ఈ రబ్బరునూ ఎంచుకున్నాడు. ఆ సంగతి కూడా మనం తెలుసుకోదగినదే.

బొగ్గు ఎందుకు అంత తేలికగా చెరుగుతుంది?

కట్టెను ఆరుబయట కాలిస్తే బూడిద మిగులుతుంది. అదే కట్టెను గాలి సరిగా అందకుండా మూసి కాలిస్తే అందులోని తేమ, జిగురు, ఆవిరయ్యే పదార్థాలన్నీ పొగగా వెళ్లిపోయి, ఎక్కువగా కర్బనమే మిగులుతుంది. అదే బొగ్గు. బొగ్గులో అంటుకునే గుణమేమీ లేదు. కాగితం మీద రాసినప్పుడు అది పొడిగా రాలి, కాగితపు నూగులో, గుంటల్లో కూర్చుంటుంది, అంతే. సిరా లాగా లోపలికి ఇంకదు. అందుకే గుడ్డతో దులిపితే చాలావరకు పోతుంది.

చిత్రకళకు వాడే బొగ్గు ముఖ్యంగా రెండు రకాలు. సన్నని పుల్లలను అలాగే కాల్చి చేసినది మొదటిది. ఐరోపాలో విల్లో చెట్టు పుల్లలను, ద్రాక్షతీగలను దీనికి వాడతారు. ఇది మెత్తనిది, బూడిదరంగు కలిసిన నలుపు, తేలికగా చెరుగుతుంది. రెండవది బొగ్గుపొడికి జిగురు కలిపి అచ్చుపోసినది. ఇది చిక్కని నలుపు. ఒకసారి పడితే పూర్తిగా వదలదు. తీసివేత పద్ధతికి మొదటి రకమే ప్రాణం. రెండవది చివరిలో, బాగా చీకటి ఉండవలసిన నాలుగైదు చోట్ల మాత్రమే పనికి వస్తుంది. ఈ తేడా తెలియక రెండవ రకంతో కాగితమంతా పూసి, తరువాత ఎంత రుద్దినా వెలుగు రాక విసిగిపోయేవారు చాలామంది.

బొగ్గుతో బొమ్మలు వేయడం మనిషికి కొత్తకాదు. ఫ్రాన్సు దేశంలో 1994లో కనుగొనబడిన షోవే గుహలోని బొగ్గు చిత్రాలలో అతి పాతవి సుమారు 36,000 సంవత్సరాల నాటివని లెక్కకట్టారు. గుర్రాలు, సింహాలు, ఖడ్గమృగాలు ఆ గోడలమీద ఉన్నాయి. అక్కడివారు కొన్ని చోట్ల గోడను ముందుగా గీకి తెల్లగా చేసుకొని, ఆపైన బొగ్గు పూసి చేతితో పులిమి నీడలు తెప్పించారు. గీకడం, పూయడం, పులమడం అనే ఈ మూడు పనులు ఆనాడే మనిషికి తెలుసు.

మన దగ్గర శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని చూడండి. కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరవేసిన గుడ్డ మీద వారు మొదట గీసుకునేది కాల్చిన చింతపుల్లల బొగ్గుతోనే. ఆ బొగ్గు గీత శాశ్వతం కాదని వారికి తెలుసు. తెలిసే దానిని ఎంచుకున్నారు. నల్లని కసిమి రంగుతో కలం గీత పడిన తరువాత ఆ బొగ్గు రాలిపోయినా నష్టం లేదు.

రబ్బరు కంటే ముందు రొట్టె

ఈ పద్ధతిలో కలం పనిచేసే రబ్బరుకు కూడా ఒక కథ ఉన్నది. రబ్బరు రాక ముందు ఐరోపాలోని చిత్రకారులు గీతలను తుడవడానికి రొట్టె లోపలి మెత్తని భాగాన్ని ఉండచేసి వాడేవారు. 1770లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే ఆయన, కాగితంమీది పెన్సిలు గీతలను చెరపడానికి చక్కగా పనికివచ్చే ఒక పదార్థాన్ని తాను చూశానని రాశారు. లండన్‌లో ఎడ్వర్డ్ నైర్న్ అనే పరికరాల తయారీదారు అర అంగుళం ముక్కను మూడు షిల్లింగులకు అమ్ముతున్నాడని కూడా తెలిపారు. ఆనాటికి అది చిన్న మొత్తం కాదు. ఈ ప్రీస్ట్‌లీ ఆక్సిజన్‌ను కనుగొన్నవారిలో ఒకరిగా మన పిల్లలకు సైన్సు పుస్తకాల ద్వారా తెలుసు. ఆయన వృత్తిరీత్యా సంఘకాపరి అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

చీకటి నుండి వెలుగుకు నడిచే పద్ధతి బొగ్గుకే పరిమితం కాలేదు. 17వ శతాబ్దంలో జర్మనీలో పుట్టిన మెజోటింట్ అనే అచ్చు పద్ధతిలో రాగిరేకు నంతటినీ పళ్లున్న పనిముట్టుతో గరుకుగా చేస్తారు. అలాగే అచ్చు వేస్తే కాగితమంతా నల్లగా పడుతుంది. వెలుగు కావలసిన చోట ఆ గరుకును రుద్ది నునుపు చేస్తారు. ఫ్రెంచి చిత్రకారుడు ఎడ్గార్ దెగా కూడా రేకుమీద నల్లని సిరా పూసి, గుడ్డతోనూ వేళ్లతోనూ తుడుస్తూ కొన్ని బొమ్మలు చేశాడు. అదే దేశానికి చెందిన ఒడిలాన్ రెడాన్ (1840–1916) ఎన్నో సంవత్సరాలపాటు దాదాపు నలుపుతోనే పనిచేశాడు. బొగ్గును పూయడం, తుడవడం, గీకడం ఆయన చేతిలో ఒకే పనిగా కలిసిపోయాయి.

ఇంట్లో చేసి చూద్దామా?

కావలసినవి ఇవి: కొంచెం గరుకుగా, మందంగా ఉన్న డ్రాయింగ్ కాగితం, మెత్తని బొగ్గుపుల్లలు, ఒక నూలుగుడ్డ, రెండు రకాల రబ్బర్లు. ఒకటి పిండిముద్దలా పిసికి కావలసిన ఆకారానికి తెచ్చుకునే రబ్బరు. ఇది పట్టణాలలో చిత్రకళా సామగ్రి అమ్మే దుకాణాలలో దొరుకుతుంది. రెండవది మామూలు తెల్ల రబ్బరు. దానిని బ్లేడుతో ఏటవాలుగా కోసి పదునైన అంచు తెప్పించండి. ఈ కోసే పని పెద్దవారే చేయాలి. నున్నని కాగితం మాత్రం వద్దు, దానిమీద బొగ్గు నిలువదు.

బొగ్గుపుల్లలు దొరకకపోతే ఇంట్లో చేసుకోవచ్చు. బెరడు తీసి ఎండబెట్టిన సన్నని పుల్లలను మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో కిక్కిరిసేలా పెట్టి, మూతకు ఒక చిన్న రంధ్రం చేసి, కట్టెల పొయ్యిమీద ఉంచండి. రంధ్రం గుండా పొగ రావడం ఆగిన తరువాత దించి, డబ్బా పూర్తిగా చల్లారే వరకు మూత తీయకండి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే గాలి తగిలి లోపలి బొగ్గు అంటుకుంటుంది.

ఇక బొమ్మకు మొదటి వస్తువుగా ఒక కోడిగుడ్డును తీసుకోండి. తెల్లని గుడ్డమీద గుడ్డును పెట్టి, గదిలోని దీపాలన్నీ ఆర్పి, ఒక పక్క నుండి మాత్రమే వెలుగు పడేలా టేబుల్ లైటు గాని, కిటికీ గాని చూసుకోండి. వెలుగు రెండు వైపుల నుండి వస్తే నీడలు ఒకదానిని ఒకటి చెడగొడతాయి.

మొదటి మెట్టు: బొగ్గుపుల్లను అడ్డంగా పడుకోబెట్టి కాగితమంతా పూయండి. గుడ్డతో మెల్లగా గుండ్రంగా రుద్దండి. మళ్లీ ఒక పూత పూసి మళ్లీ రుద్దండి. కాగితం అంతటా ఒకేలాంటి ముదురు బూడిదరంగు రావాలి. వేళ్లతో రుద్దకండి. చేతి జిడ్డు తగిలిన చోట బొగ్గు పట్టుకొని, తరువాత మచ్చగా మిగిలిపోతుంది.

రెండవ మెట్టు: కళ్లు సగం మూసి గుడ్డును చూడండి. చిన్న చిన్న వివరాలు పోయి, వెలుగు ఒక ముద్దగా, నీడ ఒక ముద్దగా కనబడతాయి. ఆ వెలుగు ముద్ద ఉన్నంత మేర శుభ్రమైన గుడ్డతో తేలికగా అద్ది, కొంచెం నలుపు తీయండి. ఇంకా రబ్బరు జోలికి పోవద్దు.

మూడవ మెట్టు: పిండి రబ్బరును పిసికి మెత్తబరచి, వెలుగు ఎక్కువ ఉన్న చోట అద్ది ఎత్తండి. రుద్దకండి, అద్దండి. ప్రతిసారీ రబ్బరును మడిచి శుభ్రమైన భాగం పైకి తెచ్చుకోండి. లేకపోతే తీసిన నలుపునే మళ్లీ అంటిస్తారు. అన్నిటికంటే వెలుగైన ఆ ఒక్క చుక్కను కోసిన తెల్ల రబ్బరు అంచుతో చివరికి తీయండి. దానిని ముందే తీసేస్తే మిగిలిన వెలుగులను దేనితో పోల్చుకోవాలో తెలియదు.

నాలుగవ మెట్టు: గుడ్డు కింద, అది టేబులును తాకే చోట, చిక్కని నలుపు గీత ఒకటి చేర్చండి. అంతవరకు గాలిలో తేలుతున్నట్లున్న గుడ్డు ఒక్కసారిగా కూర్చుంటుంది.

ఇలా చేస్తున్నప్పుడు పిల్లలు తప్పకుండా గమనించే విషయం ఒకటి ఉన్నది. గుడ్డులో అన్నిటికంటే నల్లని చోటు దాని అంచు కాదు. వెలుగు ఆగిపోయే పట్టీ అంచుకు కొంచెం లోపలే ఉంటుంది. అక్కడి నుండి అంచు వైపు వెళ్తే మళ్లీ కొంచెం వెలుగు. కింద పరచిన తెల్లగుడ్డ నుండి తిరిగివచ్చిన వెలుగు అది. నీడలో కూడా వెలుగు ఉన్నదన్న మాట. ఎంతసేపు చూసినా కంటికి ఆనని ఈ సంగతి, తుడిచే చేతికి త్వరగా తెలుస్తుంది.

కొన్ని జాగ్రత్తలు. పొడిని నోటితో ఊదవద్దు. అది గాలిలోకి లేచి ఊపిరితిత్తులలోకి పోతుంది. కాగితాన్ని బయటికి తీసుకువెళ్లి తట్టి దులపండి. ఉబ్బసం ఉన్నవారు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది. బొమ్మ పూర్తయిన తరువాత చెరిగిపోకుండా ఫిక్సేటివ్ అనే ద్రవాన్ని పిచికారీ చేస్తారు. దానిని కూడా ఆరుబయటే వాడాలి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం బొమ్మను తాకకుండా మధ్యలో అట్ట పెట్టమని చెప్పండి.

తుడిచినా మిగిలేది

ఇక్కడ ఒక సంగతి మనం ఒప్పుకోవాలి. ఎంత మంచి రబ్బరు వాడినా, ఎంత జాగ్రత్తగా తుడిచినా, కాగితం మొదటి తెల్లదనానికి తిరిగి రాదు. గుంటల్లో చిక్కిన కొంత పొడి అక్కడే ఉండిపోతుంది. లేత బూడిదరంగు నీడ ఒకటి మిగులుతుంది. సాధారణంగా చిత్రకారులు దీనిని లోపంగా చూస్తారు. దీనినే తన పనికి పునాదిగా చేసుకున్న వ్యక్తి దక్షిణాఫ్రికాకు చెందిన విలియం కెంట్రిడ్జ్.

ఆయన 1955లో జొహానెస్‌బర్గ్‌లో జన్మించారు. తండ్రి సిడ్నీ కెంట్రిడ్జ్ పేరుపొందిన న్యాయవాది. వర్ణవివక్ష ప్రభుత్వం పెట్టిన దేశద్రోహ కేసులో నెల్సన్ మండేలా తదితరుల పక్షాన వాదించినవారిలో ఆయన ఒకరు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు నిరాయుధులైన నల్లజాతి ప్రజలపై కాల్పులు జరిపి 69 మందిని చంపినప్పుడు, బాధితుల పక్షాన కూడా ఆయన నిలిచారు. ఆ రోజుల్లో ఆరేళ్ల విలియం తండ్రి గదిలో ఒక పసుపుపచ్చ పెట్టెను చూసి చాక్లెట్లు అనుకొని తెరిచాడట. అందులో ఉన్నవి షార్ప్‌విల్‌లో చనిపోయినవారి ఫొటోలు. పెద్దల లోకం ఎలాంటిదో ఆ బాలునికి తెలిసిన క్షణం అది.

ఈయన 1989 నుండి బొగ్గుబొమ్మలతో చిన్న చిన్న చలనచిత్రాలు తీయడం మొదలుపెట్టారు. మామూలు కార్టూను చిత్రానికి వేల బొమ్మలు వేయాలి. ఈయన పద్ధతి వేరు. గోడకు ఒక కాగితం తగిలించి బొమ్మ వేస్తారు. గదికి అటువైపున ఉన్న కెమెరా దగ్గరికి నడిచి దానిని ఫొటో తీస్తారు. తిరిగి వచ్చి బొమ్మలో కొంచెం తుడిచి, కొంచెం చేర్చి, మళ్లీ కెమెరా దగ్గరికి నడుస్తారు. ఇలా ఒక దృశ్యమంతా ఒకే కాగితంమీద జరుగుతుంది. నడిచే మనిషి వెనుక అతడు ఇంతకుముందు నిలిచిన చోట్ల నీడలు కనబడుతూనే ఉంటాయి. పక్షి ఎగిరిపోయినా దాని దారి ఆకాశంలో బూడిదరంగు చారగా మిగులుతుంది.

1994లో పూర్తిచేసిన ‘ఫెలిక్స్ ఇన్ ఎక్సైల్’ అనే చిత్రాన్ని ఆయన, ఆ దేశంలో అన్ని జాతుల వారూ మొదటిసారి ఓటువేసిన ఎన్నికలకు కొద్ది ముందు తయారుచేశారు. అందులో కాల్పులలో నేలకూలిన మనుష్యులమీద వార్తాపత్రికలు వచ్చి కప్పుతాయి. మెల్లగా ఆ శరీరాలు నేలలో కలిసిపోయి మైదానమై పోతాయి. చూసేవారికి ఆ మైదానం ఇక మామూలు మైదానం కాదు. తుడిచిన చోట మిగిలిన మసక, ఇక్కడ ఒక మనిషి ఉండేవాడని చెబుతూనే ఉంటుంది.

ఒక దేశం ముందున్న ప్రశ్న

ఇది కేవలం కళకు సంబంధించిన ముచ్చట కాదు. ఆ సంవత్సరాలలో దక్షిణాఫ్రికా ప్రజల ముందు నిజంగా ఉన్న ప్రశ్న ఇదే. జరిగినదంతా తుడిచేసి తెల్లకాగితంతో మొదలుపెట్టాలా? లేక ప్రతి నేరానికీ శిక్ష వేయాలా? వారు మూడవ దారి ఒకటి వెదికారు. 1995లో చేసిన చట్టం ప్రకారం సత్యశోధన, సమాధాన కమిషన్ ఏర్పడింది. ఆంగ్లికన్ ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ దానికి అధ్యక్షులు. 1996 ఏప్రిల్‌లో బహిరంగ విచారణలు మొదలయ్యాయి. రాజకీయ కారణాలతో నేరం చేసినవాడు పూర్తి నిజం బయటపెడితే క్షమాభిక్ష కోరవచ్చు. 7,000కు పైగా మంది దరఖాస్తు చేసుకున్నారు, దొరికినది కొద్దిమందికే.

అందరూ దీనికి ఒప్పుకోలేదు. 1977లో పోలీసుల నిర్బంధంలో మరణించిన స్టీవ్ బీకో కుటుంబంవారు, నిందితులను కోర్టులో నిలబెట్టే హక్కు తమకు పోతున్నదని 1996లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. న్యాయస్థానం చట్టాన్నే సమర్థించింది. బీకో మరణ విచారణలో ఆ కుటుంబం పక్షాన వాదించినది ఈ చిత్రకారుని తండ్రి సిడ్నీ కెంట్రిడ్జే. చివరికి 1999లో, బీకో మరణానికి సంబంధించి క్షమాభిక్ష కోరిన పోలీసుల దరఖాస్తులను ఆ కమిషన్ సంఘం తిరస్కరించింది. నిజం చెప్పనివారికి క్షమాభిక్ష లేదన్న నియమం అక్కడ నిలబడింది. ఆ కుటుంబం కోరిన న్యాయం పూర్తిగా దొరికిందా అంటే, అవునని చెప్పలేము.

1996లో కెంట్రిడ్జ్ తీసిన చిత్రంలో చారల సూటు వేసుకున్న ఒక ధనవంతుడు ఆసుపత్రి మంచంమీద స్పృహ లేకుండా ఉంటాడు. డాక్టర్లు అతని శరీరంలో రోగం కొరకు వెదుకుతుంటే, అతని లోపల దొరికేవి జ్ఞాపకాలు. తాను చూసీ చూడనట్లు దాటిపోయిన దెబ్బలు, దారిలో పడిన మనిషి. బొగ్గు బొమ్మ చెరిగి మళ్లీ పుడుతుంటే, మరచిపోవాలనుకున్నవి ఒక్కొక్కటిగా తేలివస్తాయి.

ప్రియ చదువరులారా, మన కుటుంబాలలో కూడా ‘జరిగిందేదో జరిగింది, ఇక ఆ మాట ఎత్తవద్దు’ అని పెద్దలు తీర్పు చెప్పే సందర్భాలు ఎన్నో ఉంటాయి. అన్నదమ్ముల మధ్య పొలం తగాదా కావచ్చు, కోడలిమీద పడిన నింద కావచ్చు. కొట్టినవాడికి ఆ మాట చాలా హాయిగా ఉంటుంది. దెబ్బతిన్నవారి దగ్గర మాత్రం గుంటల్లో చిక్కిన పొడిలా అది ఉండిపోతుంది. క్షమించడమంటే కాగితం ఎప్పుడూ తెల్లగానే ఉన్నదని నటించడం కాదు. ఇక్కడ ఈ గీత పడింది, దీనిని గీసినది నేను అని ఒప్పుకున్న తరువాతే తుడుపుకు అర్థం ఉంటుంది. ఆ తరువాత మిగిలే లేత నీడతో కలిసి బ్రతకవచ్చు. దానిమీదనే కొత్త బొమ్మ కూడా వేయవచ్చు.

అందుచేత ఈ సెలవులలో మీ పిల్లలతో కూర్చొని ఒక కాగితాన్ని నల్లగా పూయండి. పొరపాటు పడినప్పుడు వారు ‘ఇంకో కాగితం ఇవ్వండి’ అని అడుగుతారు. ఇవ్వకండి. ఆ చోట మళ్లీ బొగ్గు పూసి, గుడ్డతో అద్ది, అక్కడినుండే కొనసాగించమనండి. ఇందులో చెడిపోయిన కాగితం అంటూ ఉండదు. పని పూర్తయ్యాక బొమ్మను గోడకు ఆనించి, నాలుగు అడుగులు వెనక్కి వచ్చి చూడండి. దగ్గరగా ఉన్నప్పుడు మరకలుగా తోచినవే దూరం నుండి గుడ్డుకు గుండ్రదనాన్ని ఇస్తుంటాయి.